బెనెడిక్టు నియమావళి - సహజీవనము

ఆరవ శతాబ్దమున ఇటలీలో మోంటె కస్సీనో మఠమును స్థాపించిన బెనెడిక్టు తన సోదరులకు వ్రాసిన నియమావళి 73 అధ్యాయముల చిన్న గ్రంథము. ప్రార్థనను గూర్చిన అధ్యాయములు ఇందు పెక్కు గలవు. అయినను దీని సారము వంటయింటిని గూర్చిన 35వ అధ్యాయముననే తెలియునని మా అభిప్రాయము.

సోదరులు వారము వారము వంతు వేసికొని వంటపని చేసి ఒకరికొకరు వడ్డించుకొనవలెను. వంతు ముగించువాడును, వంతునకు వచ్చువాడును కలిసి అందరి పాదములు కడుగవలెను. దాసుడై పుట్టినవాడు, స్వతంత్రుడై పుట్టినవాడు అను భేదము లేదు. సామాన్యముగా చేరిన కాలమునుబట్టి వరుస. ముఖ్యకార్యము తటస్థించినపుడు మఠాధిపతి అందరిని పిలిచి ఆలోచన అడుగవలెను. మేలైన మాట తరచు పిన్నవానికే తోచునని గ్రంథకర్త కారణము చెప్పినాడు.

లోపములును లేకపోలేదు. తప్పు చేసినవానిని పంక్తినుండి వెలివేయుట, మారనిచో కొట్టుట ఇందు విధింపబడినవి. వెలియైనవానిని ఓదార్చుటకు వివేకులైన వృద్ధులను రహస్యముగా పంపుమన్న 27వ అధ్యాయము కరుణాపూరితమే. కాని బాలురను సయితము కొట్టుమనుటను మేము మెచ్చజాలము. అందరి మాట విన్న పిమ్మటను తుది నిర్ణయము మఠాధిపతి ఒక్కనిదే యగుట మరియొక కొరత.

ఏటేట సంఘభోజనములు జరుపుకొను మనము ఈ గ్రంథము చదువదగును. మన పంక్తిలో వడ్డించువా రెవ్వరు, మన సభలో పిన్నల మాట అడుగువా రెవ్వరు అని అప్పుడు మనలను మనమే ప్రశ్నించుకొందుము.