ఫాక్స్‌ప్రో సోర్స్ కోడ్ ఎవరికి?

ఫాక్స్‌ప్రో డేటాబేస్ పనుల కోసం పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. దాన్ని తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన సంస్థ. 1992లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది. అంతకుముందే ఉన్న డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాము కమాండ్లనే తీసుకుని అంతకంటే వేగంగా నడపడం ఫాక్స్‌ప్రో బలం. 1990లలో తెలుగు ఊళ్ళ కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లోనూ దీన్ని నేర్పేవారు. దుకాణం స్టాకు, జీతాల పట్టీ, ఫీజుల లెక్క వంటి పనులకు చక్కగా అమిరేది.

మైక్రోసాఫ్ట్ చేతిలో విజువల్ ఫాక్స్‌ప్రోగా మారిన ఈ భాషకు 2004లో వచ్చిన తొమ్మిదో వెర్షన్ చివరిది. పదో వెర్షన్ ఉండదని 2007 మార్చిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెడ్నా పేరుతో చేసిన అదనపు పనిముట్లను ఉచితంగా ఇచ్చింది గానీ, అసలు భాష సోర్స్ కోడ్‌ను బయటపెట్టలేదు. 2015 జనవరిలో మద్దతు కూడా ముగిసింది. ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాములు నేటికీ విండోస్‌లో నడుస్తాయి. కానీ భాష 32 బిట్ల దగ్గరే ఆగిపోయింది. ఒక టేబుల్ ఫైలు 2 జీబీ దాటకూడదన్న హద్దూ అలాగే ఉంది. కోడ్ చేతిలో లేనివారు వీటిని సరిచేయలేరు.

కోడ్ ఇవ్వడానికి యజమానులు వెనకాడేందుకు కారణాలు లేకపోలేదు. పాత కోడ్‌లో ఇతరుల దగ్గర కొన్న భాగాలు ఉండవచ్చు. కొంత భాగం ఇంకా అమ్ముడవుతున్న ఉత్పత్తుల్లో పనిచేస్తూ ఉండవచ్చు. ప్రతి ఫైలునూ న్యాయవాదులు పరిశీలించాలి. ఆ ఖర్చుకు తిరిగి వచ్చే రాబడి ఉండదు.

సోర్స్ కోడ్‌ను అందరికీ తెరవడంలోనూ (ఓపెన్ సోర్స్ చేయడంలోనూ) తేడాలున్నాయి. మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన జీడబ్ల్యూ-బేసిక్ భాష సోర్స్ 1983 నాటి అసెంబ్లీ కోడ్. అది చరిత్ర కోసం ఇచ్చినది, అందులో మార్పులు స్వీకరించరు. అదే సంస్థ 2014లో తెరిచిన సీ షార్ప్, విజువల్ బేసిక్ డాట్‌నెట్ కంపైలర్లకు మాత్రం బయటివారు కూడా కోడ్ రాసి పంపవచ్చు. మూడో దారి, ఫాక్స్‌ప్రోలాగే డీబేస్ కుటుంబానికి చెందిన క్లిప్పర్ భాషది. దాని వాడకందార్లు యజమాని కోసం ఎదురుచూడకుండా, 1999లో మొదలైన హార్బర్ ప్రాజెక్టుతో దానికి సరిపడే కంపైలర్‌ను తామే మొదటినుంచి రాసుకున్నారు.

అమ్మకం, మద్దతు రెండూ ఆపేసిన భాషను తాళం వేసి ఉంచడం సమంజసం కాదు. ఇతరుల భాగాలను తీసేసి, మిగిలిన కోడ్‌ను మార్చుకునే హక్కుతో సహా ఇవ్వాలి. అలాగని కోడ్ వచ్చినంత మాత్రాన భాష బతకదు, దాన్ని చదివి మరమ్మతు చేసే మనుషులు కావాలి. కొత్త పనులకు దాన్నే ఎంచుకోవాలనీ కాదు. ఉన్న లెక్కలు చెడకుండా, తీరిగ్గా వేరే చోటికి మారే వ్యవధి దొరుకుతుంది, అంతే.

ఫాక్స్‌ప్రో తన టేబుళ్ళను దాచే డీబీఎఫ్ ఫైళ్ళ అమరిక అందరికీ తెలిసినదే గనుక వాటిని లిబ్రేఆఫీస్ కూడా తెరవగలదు. ఫాక్స్‌ప్రోలో లెక్కలు నడుపుతున్నవారు కోడ్ వచ్చేదాకా ఆగకుండా, తమ డేటాను ఈలోగా మరో రూపంలో కూడా దాచుకోవడం మంచిది.