వరఖు కన్నా పలుచన

చార్మినార్ గల్లీల్లో వెండి వరఖు కొట్టే సుత్తి చప్పుడు బాగా తగ్గిపోయింది. మిఠాయి మీద పరిచే ఆ రేకు చదరపు మీటరుకు 2.8 గ్రాములు మించరాదని 2016లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. లెక్క కడితే మందం దాదాపు 270 నానోమీటర్లు. ఊదితే ఎగిరిపోయే ఆ రేకులోనూ వెయ్యికి పైగా పరమాణు పొరలుంటాయి. అందుకే ఎంత కొట్టినా వెండి వెండిగానే ఉంటుంది.

ఫిజిక్స్ పాఠాలు చెప్పే నాకు ఆ చప్పుడు వింటే, వెండిలా కాకుండా సైజు తగ్గితే గుణాలే మారిపోయే కాడ్మియం సెలెనైడ్ గుర్తొస్తుంది. ఈ అర్ధవాహకాన్ని వేడి ద్రావణంలో నానో స్ఫటికాలుగా పెంచుతారు. రెండు నానోమీటర్ల స్ఫటికం నీలంగా, ఆరు నానోమీటర్లది ఎర్రగా వెలుగుతుంది. 2023లో ఇలాంటి నానో స్ఫటికాలపై చేసిన పనికి ఎకిమోవ్, బ్రూస్, బవెండిలకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు పత్రికలన్నీ ఈ రంగుల గురించే రాశాయి. టీవీ తెరల దాకా వచ్చిన సంగతి కదా, రాయక ఏం చేస్తారు! నాకు మాత్రం రంగు కన్నా ఈ స్ఫటికాల్లోని ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణమంటేనే ఆసక్తి.

ప్రతి ఎలక్ట్రానూ ఓ బుల్లి అయస్కాంతం. ఒక టెస్లా క్షేత్రంలో పెడితే, స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్ స్పిన్ ఆ క్షేత్రం చుట్టూ సెకనుకు 2,800 కోట్ల సార్లు తిరుగుతుంది. ఈ వేగాన్ని నిర్ణయించే అంకె జీ-ఫ్యాక్టర్. దాని విలువ 2.0023. అదే ఎలక్ట్రాన్ పెద్ద కాడ్మియం సెలెనైడ్ స్ఫటికంలో ఉంటే ఆ అంకె 0.68కి పడిపోతుంది. గాలియం ఆర్సెనైడ్‌లోనైతే మైనస్ 0.44, అంటే తిరిగే దిక్కే మారిపోతుంది. స్ఫటికంలో ఎలక్ట్రాన్లకు వీలైన శక్తులు పట్టీలుగా ఉంటాయి; కింది పట్టీ నుంచి వచ్చే, స్పిన్‌ను కక్ష్యా చలనంతో ముడిపెట్టే స్పిన్-కక్ష్య ప్రభావమే ఈ మార్పుకు కారణం. స్ఫటికం చిన్నదయ్యేకొద్దీ పట్టీల మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆ ప్రభావం సడలుతుంది, అంకె మళ్లీ రెండు వైపు ఎక్కుతుంది. పదార్థం మారలేదు, సైజే మారింది.

కొలిచే పద్ధతీ ముచ్చటైనదే. వృత్తాకార ధ్రువణమున్న లేజర్ మెరుపుతో స్పిన్లను ఒకవైపు మళ్లించి, వెనకే పంపిన మరో మెరుపు ధ్రువణం ఎంత తిరిగిందో చూస్తారు. ఇలా చూస్తే ఒకే నమూనాలో రెండు వేగాలు బయటపడ్డాయి! ఒకటి స్ఫటికం నడుమ ఉన్న ఎలక్ట్రాన్‌ది, రెండోది ఉపరితలం దగ్గర చిక్కుకున్నదానిది అని ఒక వివరణ. నా మొగ్గు దానివైపే. మూడు నానోమీటర్ల స్ఫటికంలో పరమాణువుల్లో పెద్ద వాటా ఉపరితలం మీదే ఉంటుంది మరి.