బ్రేక్ ఆయిల్‌కూ గడువుంది

అందరం బ్రేక్ ఆయిల్ అనే అంటాం గానీ, డిస్క్ బ్రేకులో పోసేది అసలు ఆయిలే కాదు. మన బళ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి రసాయనాలు. పేరు నమ్మి ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఈ ద్రవానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. మూత బిగించే ఉన్నా రబ్బరు గొట్టం గోడల్లోంచి తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు కలిశాక ఆ కనీసం 155కి దిగిపోతుంది. ఊళ్లో తిరిగినంత కాలం ఈ తేడా బయటపడదు. వెనక మనిషిని ఎక్కించుకుని తిరుమల కొండ దిగుతూ, మలుపు మలుపుకీ బ్రేకు పడుతూ వస్తేనే పాడ్ల వేడి క్యాలిపర్‌లోకి పాకి, పాతబడ్డ ద్రవం మరిగి బుడగలు కడుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు.

అందుకే ‘లివర్ గట్టిగానే ఉంది, ఇప్పుడెందుకు మార్చడం’ అన్న మాట చెల్లదు. చల్లగా ఉన్నప్పుడు పాత ద్రవమూ గట్టిగానే పలుకుతుంది. చాలా కంపెనీల మాన్యువళ్లు రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా తేమ ఆగదు కదా. మట్టం తగ్గితే పైన కాస్త పోసి ఊరుకోవడం ఇంకో అలవాటు. పాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకొచ్చి మట్టం దానంతటదే తగ్గుతుంది. కాబట్టి ముందు చూడాల్సింది పాడ్లు, ఆపైన ఎక్కడైనా కారుతోందేమో. డబ్బా తర్వాత సంగతి.

‘ప్రాణం మీదికొచ్చే పని, మెకానిక్‌కి వదిలెయ్యాలి’ అనే అభ్యంతరంలో మాత్రం సగం న్యాయం ఉంది. క్యాలిపర్ విప్పి సీళ్లు మార్చడం ఇంట్లో చెయ్యాల్సిన పని కాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ యూనిట్‌లోకి గాలి చొరబడితే షెడ్డులోని పరికరాలు కావాల్సి రావచ్చు. ద్రవం మార్చడం అంత పెద్ద విద్య కాదు. క్యాలిపర్ నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తొడిగి, లివర్ నొక్కిపట్టి, పానాతో నిపుల్ పావు చుట్టు వదులు చేసి, మళ్లీ బిగించాకే లివర్ వదలాలి. ఈ వరస తప్పితే గాలి లోపలికి పోతుంది. గోధుమ రంగు పోయి కొత్త రంగు, బుడగల్లేకుండా వచ్చేదాకా ఇంతే. మధ్యలో పైన తొట్టి ఎండిపోకుండా పోస్తుండాలి. చేతిలో ఓపిక ఉంటే చాలు, ఇక్కడ బలం పనికిరాదు, నిపుల్ విరుగుతుంది. ట్యాంకు మీద చుక్క పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోసి కడగాలి. అయ్యాక, వీధిలోకి పోయేముందే, ఇంటి ముందు నాలుగడుగులు తోసి లివర్ పట్టి చూడాలి. మెత్తగా అనిపిస్తే బండి నడపకండి, షెడ్డుకి కబురు పెట్టండి.

ఇంకొక్క మాట. కిందటేడు సీలు తీసి సగం వాడి అటకెక్కించిన డబ్బా ఉంటే, అది పొయ్యకండి. కొత్తది కొనండి.