మంట రంగు తెలిసినవాడు
మంచి గ్యాస్ స్టవ్ మెకానిక్ ముందు మంటనే చూస్తాడు. నీలంగా, నిలకడగా ఉంటే సరే. పసుప్పచ్చగా ఊగుతూ గిన్నెలకు మసి పట్టిస్తోందంటే గ్యాస్ సరిగా కాలడం లేదన్నమాట. అలాంటి మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. బర్నర్ విప్పి, పొంగిన పాలూ గంజీ ఎండి పూడుకుపోయిన రంధ్రాలను పిన్నుతో ఒక్కొక్కటే తెరుస్తాడు. గ్యాస్ బయటికొచ్చే జెట్ దగ్గర మాత్రం చెయ్యి తేలిక చేస్తాడు. ఆ సన్నటి రంధ్రం కాస్త పెద్దదైనా మంట లెక్క తప్పుతుంది.

లీకు వెతకడానికి అగ్గిపుల్ల గీయడు. ట్యూబు పొడవునా, రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి, బుడగ లేచేదాకా కళ్లు తిప్పడు. ఆ ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. నారింజ రంగు ట్యూబు మీద తేదీ చదివి, ఐదేళ్లు దాటితే "మార్చేయండమ్మా" అని ఖరాఖండిగా చెబుతాడు.

వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారునే పరుచుకుంటుంది. అందుకే వాసనొస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, రెగ్యులేటర్ ఆపేసి, తలుపులన్నీ తీసి, బయటికెళ్లి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయమంటాడు. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ కనబడిందా, అక్కడా కార్బన్ మోనాక్సైడ్ భయమే కాబట్టి, స్టవ్ పక్కనబెట్టి ముందు దాని సంగతే మాట్లాడతాడు.