ధ్రువాల దాకా వెళ్లిన పంపు స్టౌ

కొండలెక్కడానికి సామాను కొనేవాళ్లు డేరాల దగ్గరా బూట్ల దగ్గరా చాలాసేపు ఆగుతారు. స్టౌ దగ్గరికి వచ్చేసరికి బరువెంత, ధరెంత అని అడిగి ఊరుకుంటారు. నన్నడిగితే నిదానంగా చూడాల్సింది అక్కడే. డేరా చిరిగితే సూదీదారంతో ఆ రాత్రి గడిచిపోతుంది. మంచు కొండ మీద స్టౌ మొరాయిస్తే తాగడానికి నీళ్లుండవు. అక్కడ నీళ్లంటే కరిగించుకున్న మంచే. మంచి స్టౌ ఎలా ఉండాలో తెలియాలంటే, ఒకప్పుడు మన వంటింట్లోనూ టీ బండ్ల మీదా గుయ్యిమని మోగిన ఇత్తడి పంపు స్టౌను ఓసారి విప్పి చూడాలి.

దాని పుట్టిల్లు స్వీడన్. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ దీన్ని తయారుచేశాడు. ప్రైమస్ పేరుతో లోకమంతా అమ్ముడుపోయింది. వత్తితో కాలే కిరసనాయిలు పసుపు మంటతో, మసితో, కంపుతో కాలుతుంది. లోహం పనివాళ్ల చేతిలోని బ్లో ల్యాంపు మాత్రం నూనెను ముందు ఆవిరి చేసి, ఆ ఆవిరిని మండిస్తుంది. ఆ పద్ధతిని వంటకు పనికొచ్చేలా పైకి తిప్పి నిలబెట్టడమే లిండ్‌క్విస్ట్ చేసిన పని. వినడానికి చిన్న పనే.

కింద గుండ్రటి ఇత్తడి ట్యాంకు. పక్కన పంపు. పంపు గొట్టం ట్యాంకు లోపలికే ఏటవాలుగా దిగి ఉంటుంది కాబట్టి బయట జాగా తినదు, ఎక్కడా తగిలి వంగదు. గాలి కొడితే లోపలి ఒత్తిడి నూనెను నిలువు గొట్టంలోంచి బర్నరులోకి తోస్తుంది. చూడాల్సినదంతా ఆ బర్నరులోనే ఉంది. నూనె నేరుగా మంట దగ్గరికి పోదు. సన్నటి గొట్టాల్లో పైకెక్కి, మంట పక్కనుంచే తిరిగి, మళ్లీ కిందికి దిగి నిపుల్ దగ్గరకొస్తుంది. ఆ తిరుగుడులో కాగి ఆవిరైపోతుంది. నిపుల్‌కున్న ఇంచుమించు 0.3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి ఆ ఆవిరి జోరుగా పైకి చిమ్ముతూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ కలిసి పైనున్న బిళ్లకు కొట్టుకుని నీలంగా మండుతాయి. ఆ మంటే మళ్లీ వెనక వస్తున్న నూనెను కాస్తుంది. మొదట వేడి పుట్టించడానికి చిన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగిస్తే చాలు, ఆ తరవాత స్టౌ తన పని తాను చూసుకుంటుంది.

తొలి నమూనాల్లో మంట తగ్గించే చెవి లేదు. మంట పెరగాలంటే ఇంకాస్త గాలి కొట్టాలి, తగ్గాలంటే మూత మీది మర వదులు చేసి కొంత గాలి వదలాలి. గాలంతా పోతే మంట ఆరిపోతుంది. ఒకే మర అటు మంటను అదుపు చేస్తుంది, ఇటు ప్రమాదాన్నీ ఆపుతుంది. ఇంత పొదుపైన ఆలోచన నాకు వంట సామానులో మరెక్కడా కనిపించలేదు.

పంపు కడ్డీ చివర తోలు వాషరు ఉంటుంది. తోస్తే గొడుగులా విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కుంటుంది, లాగితే ముడుచుకుని పక్కనుంచి గాలిని లోపలికి రానిస్తుంది. నూనె చుక్క పడుతున్నంత కాలం పనిచేస్తుంది. ఎండిపోతే పంపు ఊరికే ఆడుతుంది, గాలి ఎక్కదు. అదే తోలు మరోచోట కొంప ముంచింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తున్న స్కాట్ బృందం దారిలో దాచుకున్న డబ్బాలు తెరిస్తే కిరసనాయిలు ఉండాల్సినంత లేదు. డబ్బా మూతల కింద వేసిన తోలు వాషర్లు ఆ చలికి బిగువు కోల్పోయాయి. అదే ధ్రువానికి పోటీగా వెళ్లిన అముండ్‌సెన్ మాత్రం తన డబ్బాల మూతలకు మాటు వేయించుకుని వెళ్లాడు. స్టౌ ఇద్దరిదీ ప్రైమసే.

అంతకు ముందే నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఈ స్టౌను ఉత్తరానికి తీసుకెళ్లాడు. 1895లో ఓడ దిగి, యోహాన్సెన్‌తో కలిసి కుక్కల బళ్లతో 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లినప్పుడు, ప్రైమస్ చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు అమర్చుకున్నాడు. మధ్య గిన్నెలో వంట అవుతుంటే, పక్కలకు పోయే వేడితో చుట్టూ ఉన్న గిన్నెలో మంచు కరిగేది. దాదాపు 20 లీటర్ల నూనె వాళ్లకు ఇంచుమించు 120 రోజులు వచ్చింది. ఈనాటి తేలిక స్టౌలకు చుట్టూ కట్టే గాలి అడ్డుతెర, గిన్నె అడుగున వేడిని పట్టే రెక్కలు ఆ పొదుపుకు కొనసాగింపే.

1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరి మరణించిన ఆండ్రే బృందం సామాను 1930లో క్విట్యోయా దీవిలో దొరికింది. 33 ఏళ్లు మంచులో పడి ఉన్న వాళ్ల ప్రైమస్‌లో నూనె ఇంకా ఉంది. పంపు కొడితే సన్నగా చిమ్మింది కూడా. మూసిన డేరాలో ఇది వదిలిన విషవాయువే వాళ్లను బలిగొందేమోనని తరవాత కొందరు ఊహించారు. అది తేలని సంగతి. డేరా మూసుకుని స్టౌ వెలిగించకూడదన్నది మాత్రం ఎప్పటికీ తేలిన సంగతే. 1953 మే 29 తెల్లవారుజామున, ఎవరెస్టు మీద దాదాపు 8,500 మీటర్ల ఎత్తున, గడ్డకట్టిన తన బూట్లను హిల్లరీ మెత్తబరచుకున్నదీ ప్రైమస్ మంట మీదే.

ఇంత మెచ్చుకుంటున్నా ఒక మాట చెప్పకపోతే తప్పు. మన పత్రికల్లో ‘స్టౌ పేలి’ అన్న రెండు ముక్కల వెనక ఎందరు కోడళ్ల హత్యలు దాచేశారో తెలిసినవాళ్లకు ఆ గుయ్యిమనే చప్పుడు వేరేగా వినిపిస్తుంది. ఆ పాపం మనుషులది. స్టౌ ప్రమాదాలూ లేకపోలేదు. బర్నరు కాగకముందే గాలి కొడితే ద్రవంగానే నూనె ఎగిసి పసుపు మంట లేస్తుంది. కల్తీ నూనె పోసినా, వెలుగుతుండగా మూత తీసినా ముప్పే.

ఇప్పుడు కొనేవాళ్ల సంగతి. అరకు, నల్లమల వైపు ఒక రాత్రి గడిపి రావడానికి గ్యాస్ డబ్బా స్టౌ చాలు, అదీ అటవీశాఖ మంటకు అనుమతించిన చోటే. అయితే డబ్బాలో ఏ గ్యాస్ ఉందో చదవండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. లంబసింగి శీతాకాలపు తెల్లవారుజామునే ఉత్త బ్యూటేన్ డబ్బా నీరసపడుతుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. కాబట్టి ఆ మిశ్రమమున్న డబ్బా మేలు. విమానంలో ఏ డబ్బానీ ఎక్కనివ్వరు, లేహ్‌కు వెళ్తే అక్కడే కొనుక్కోవాలి.

పెద్ద చలికి, దూరపు దారులకు పంపుతో నడిచే ద్రవ ఇంధనం స్టౌను మించింది లేదు. ఒత్తిడి మన చేతిలోంచి వస్తుంది కాబట్టి చలితో దానికి పేచీ లేదు. ఇప్పటివాటిలో ట్యాంకు సీసాగా విడిపోయింది గానీ లోపలి పద్ధతి లిండ్‌క్విస్ట్‌దే. ప్రైమస్ ఓమ్నిఫ్యూయెల్‌తో మూడు నిపుల్స్ ఇస్తారు: గ్యాసుకు 0.45, పెట్రోలుకు 0.37, కిరసనాయిలుకు 0.28 మిల్లీమీటర్లవి. నిపుల్ మార్చుకోనివ్వని స్టౌను, పంపు విప్పనివ్వని స్టౌను నేనైతే పక్కన పెడతాను. దారిలో చెడేవి ఆ రెండే.

పాత ఇత్తడి స్టౌ దొరికితే మోజుపడి వెంటనే కొనకండి. నూనె లేకుండా గాలి కొట్టి ట్యాంకును బకెట్ నీళ్లలో ముంచండి. పంపు గొట్టం అడుగునున్న వాల్వు పాడైతే కడ్డీ దానంతటదే వెనక్కి తోసుకొస్తుంది. దాన్ని తీయడానికి పొడవాటి ప్రత్యేకమైన పానా కావాలి, అమ్మేవాడి దగ్గర ఉంటే అదీ అడిగి తీసుకోండి. మూత దగ్గర బుడగలు వస్తే వాషరు మార్చుకోవచ్చు. ట్యాంకు ఒంటి మీద బుడగలు వచ్చినా, ఎక్కడైనా మాటు వేసిన గుర్తు కనిపించినా, ఎంత చవకకు ఇచ్చినా వద్దనండి.