పచ్చకొమ్మ మీద కత్తెర

ఈ వారం కడియపులంకలో ఓ నర్సరీలో చూసిన పని నాకు నచ్చలేదు. నిలువెత్తు ఫైకస్ బెంజమినా, ఆకాకుకీ తెల్లటి అంచు. ఒక్క కొమ్మ మాత్రం నిండు పచ్చగా, మిగతావాటికన్నా జోరుగా లేచింది. పనివాడు సరిగ్గా దాన్నే మొదలంటా కోసేశాడు.

నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. వీధికి వేప, కానుగ, పొగడ ఉండాలి. ఆకు అందం కోసం పెంచే చెట్లకు నీళ్లు దండగ. అందులోనూ ఏపుగా ఎదిగే కొమ్మనే తీసెయ్యడమా!

బుర్రిలంకలో మా చిన్నాన్న వానాకాలమంతా ఇలాంటి తెల్లంచు చెట్లకే గాలి అంట్లు కట్టేవారు. పెన్సిలు లావు కొమ్మకు అంగుళం మేర బెరడు ఉంగరంలా ఒలిచి, అడుగునున్న జిగురు పొరను కత్తితో గీకేవారు. "అది మిగిలిందంటే బెరడు మళ్లీ కలిసిపోద్దిరా, వేరు రాదు" అనేవారు. తడి నాచు చుట్టి, పాలిథిన్ కాగితం కొసలు బిగించడం నా వంతు. ఆకులు వండిన ఆహారం బెరడు వెంట కిందికి దిగుతూ ఆ కోత దగ్గర ఆగిపోతుంది, అక్కడే వేళ్లు పుడతాయి. నీరు లోపలి కొయ్యగుండా పైకి వెళ్తూనే ఉంటుంది కాబట్టి కొమ్మ వాడదు. కాగితంలోంచి వేళ్లు కనిపించాక మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేవారు కాదు, తనే కోసి నీడన సంచిలో నాటేవారు. గింజ వేస్తే పోదా అని అడిగాను. "గింజకు ఈ తెలుపు అబ్బదురా. నచ్చిన కొమ్మనే చెట్టు చేసుకోవాలి."

ఆ తెల్లటి మేరలో పత్రహరితం ఉండదు, అక్కడ ఆహారం తయారు కాదు. అందుకే ఈ చెట్టు ఎదుగుదల నిదానం. ఒక మొగ్గ పచ్చదనానికి తిరిగిందా, దాని ఆకు మొత్తం పనిచేసి మిగతా కొమ్మల్ని దాటేస్తుంది. వదిలేస్తే కొన్నేళ్లకు చెట్టంతా పచ్చబడిపోవచ్చు. పనివాడి కోత అందుకే.

వేపను నాటి మరిచిపోయినా వేపగానే పెరుగుతుంది. దీన్ని మరిచిపోతే చెట్టు మిగులుతుంది గానీ అంచు మిగలదు. ఎవరో ఒక కొమ్మ మీద చూసి ముచ్చటపడితే, ఆ తర్వాతి చేతులు అంటు మీద అంటు కడుతూ నిలుపుకొచ్చిన రంగు ఇది. దీనికి పోసే నీళ్లు దండగని ఇక అనలేను.

ఒకటి కొని తెచ్చుకున్నాను. పెద్ద కుండీలో, వెలుతురు బాగా తగిలేచోట పెట్టాను. ఉన్నపళంగా చీకటి మూలకు జరిపితే ఆకులు రాల్చేస్తుంది. వీధిలో మాత్రం వద్దనే అంటాను. మర్రి, రావి బంధువు ఇది, వేళ్లు గోడల్నీ నీళ్ల గొట్టాల్నీ వదలవు.