కరిగించడమా, పొడి చేయడమా?

పాత హార్డ్ డిస్క్ విప్పితే ఒక మూలన వంపు తిరిగిన, నికెల్ పూతతో మెరిసే బిళ్ల కనిపిస్తుంది. ఉక్కు రేకును అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే చేత్తో లాగితే రాదు. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వారుగా సాధించిన నియోడిమియం అయస్కాంతం అది. బరువులో దాదాపు మూడో వంతు నియోడిమియం, ప్రసియోడిమియం వంటి రేర్ ఎర్త్ లోహాలు, ఒక శాతం బోరాన్, మిగతాది ఇనుము. ఆ రేర్ ఎర్త్ లోహాలను తిరిగి రాబట్టే దారులు ముఖ్యంగా రెండు. రెంటినీ ఒకే గాటన కట్టి ‘రీసైక్లింగ్’ అనేయడం నాకు సమ్మతం కాదు.

ఆమ్లం దారిలో అయస్కాంతాన్ని కాల్చి, నూరి, హైడ్రోక్లోరిక్ లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆక్జాలిక్ ఆమ్లం కలిపితే రేర్ ఎర్త్‌లు అడుక్కి దిగుతాయి. వాటిని మళ్లీ కాలిస్తే ఆక్సైడ్ వస్తుంది. నియోడిమియం, ప్రసియోడిమియం ఆవర్తన పట్టికలో పక్కపక్క గదులవి కాబట్టి, వాటిని విడదీయాలంటే ద్రావకంతో తొట్టి తర్వాత తొట్టిగా ఎన్నోసార్లు కలిపి తేర్చాలి. ఈ పద్ధతి ఏ తుక్కునూ కాదనదు. తుప్పు పట్టినా, జిగురు అంటినా, రకం తెలియకపోయినా చివరికి శుద్ధమైన ఆక్సైడే చేతికొస్తుంది. ఇది చిన్న సుగుణం కాదు. కానీ మనకు అక్కర్లేని ఇనుము కూడా ఆమ్లాన్ని తాగుతుంది, వ్యర్థ జలాలు మిగులుతాయి. పైగా ఆక్సైడ్ లోహం కాదు. దాన్ని వెయ్యి డిగ్రీల వేడిమిలో కరిగిన ఫ్లోరైడ్ లవణాల్లో విద్యుద్విశ్లేషణ చేసి, మళ్లీ ఇనుముతో కలిపి పోతపోయాలి.

రెండోది బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రెక్స్ హారిస్ బృందం దశాబ్దాల పరిశోధనతో తీర్చిదిద్దిన హైడ్రోజన్ దారి. అయస్కాంతంలోని స్ఫటిక రేణువుల మధ్య నియోడిమియం దట్టంగా ఉన్న పలుచని పొర ఉంటుంది. హైడ్రోజన్ ముందు ఆ పొరను పట్టుకుని, తర్వాత రేణువుల్లోకి చొరబడుతుంది. లోహం ఉబ్బి, తనంతట తానే చిట్లి పొడి అవుతుంది. అయస్కాంత శక్తి కూడా పోతుంది కనుక ఆ పొడి ఉక్కును వదిలి జారిపోతుంది. నికెల్ పూత పెచ్చులుగా ఊడి జల్లెడలో మిగులుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఇదే: మిశ్రలోహం మిశ్రలోహంగానే నిలిచింది. పాత గోడలోని ఇటుకలను మళ్లీ మట్టి చేయకుండా ఇటుకలుగానే తీసుకున్నట్టు.

అయితే పాత అయస్కాంతంలో ఏ పాళ్లున్నాయో కొత్తదాంట్లోనూ ఇంచుమించు అవే వస్తాయి. పెరిగిన ఆక్సిజన్‌ను సరిదిద్దడానికి కొంత నియోడిమియం హైడ్రైడ్ చేర్చాలి. తుప్పుపట్టిన, కలగాపులగపు తుక్కు దీనికి నప్పదు.

అందుకే ముందు హైడ్రోజన్, అది కాదన్నదే ఆమ్లానికి. ఈ వరుస తప్పకూడదని నా అభిప్రాయం. కానీ సమాచార భద్రత పేరుతో డిస్కును యంత్రంలో తునకలు చేస్తే ఈ వాదనకే చోటుండదు. పెళుసైన అయస్కాంతపు ముక్కలు ఇనుప తుక్కుకూ యంత్రం గోడలకూ అతుక్కుని, చివరికి ఉక్కు కొలిమిలో చిట్టెం పాలవుతాయి. ఇంతా చేసి సమాచారం ఉండేది డిస్కులోని పళ్లాల మీద, అయస్కాంతంలో కాదు.

హైడ్రోజన్ పొడికి గిరాకీ అయస్కాంతాలు చేసేవారి దగ్గరే. విశాఖలో 2023 మేలో జాతికి అంకితమైన ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ కర్మాగారం ఉంది గానీ, దాన్ని కట్టింది నియోడిమియం కోసం కాదు, సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కోసం; సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. 2025 ఏప్రిల్‌లో చైనా రేర్ ఎర్త్ ఎగుమతులకు కళ్లెం వేశాక, నవంబరులో కేంద్రం ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ లక్ష్యంతో రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఆ కర్మాగారాల నమూనాలు గీస్తున్నవారు హైడ్రోజన్‌తో పొడి చేసే పాత్రకు ఇప్పుడే చోటు ఉంచాలి. హైదరాబాద్ డేటా సెంటర్ల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: డిస్కును తునకలు చేసే ముందు అయస్కాంతం ఉన్న మూలను కోసి పక్కన పెట్టించండి.